అన్నం ఉడికిన నీళ్ళు

చాముండేశ్వరికి చదువు పిచ్చి. అలాగని పుస్తకాలు చదువుతుందనుకునేరు! ఆవిడ చదివేది డబ్బాలు, సీసాలు, పాకెట్లు. కొట్లోకి వెళ్తే మనమందరం ముందువైపు బొమ్మ చూస్తాం. ఆవిడ చటుక్కున వెనక్కి తిప్పి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, చీమ తలకాయంత అక్షరాల్లో ఏం రాశారో చదువుతుంది. చదివి, పెదవి విరిచి, మళ్ళీ అరలో పెట్టేస్తుంది. టెక్సాస్‌లోని ప్లేనోలో, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న తెలుగు శాకాహారుల ఇళ్ళన్నిటిలోనూ ఆవిడ ఫోన్ నంబరు ఉంటుంది. ఎవరి అమ్మానాన్నలో ఇండియా నుంచి దిగారంటే చాలు, ఆవిడకి వీడియో కాల్ వస్తుంది. "అక్కా, ఈ చీజ్ తినొచ్చా?" "ఆంటీ, ఈ సూప్‌లో ఏమైనా కలిపారా?" ఆవిడ పళ్ళ డాక్టరు గారి ఆఫీసులో ఫ్రంట్ డెస్క్ దగ్గర పనిచేస్తుంది. ఎదురుగా పేషెంటు బుగ్గ పట్టుకుని నిలబడి ఉన్నా సరే, "కెమెరా కొంచెం దగ్గరికి పెట్టు, కిందికి, ఆఁ... ఆగు" అని పూర్తిగా చదివిగానీ తీర్పు చెప్పదు.

ఇంతకీ తమాషా ఏమిటంటే, చాముండేశ్వరి శాకాహారి కాదు. పుట్టింది గుడివాడ దగ్గర. ఆదివారం ఇంట్లో కోడి ఉడకకపోతే ఆవిడకి అది ఆదివారంలాగే అనిపించదు. మరి నీకెందుకమ్మా ఈ గొడవంతా అంటే దానికో కథ ఉంది.

పెళ్ళై డిపెండెంట్ వీసా మీద వచ్చిన కొత్తల్లో ఆవిడకి ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు, కారు నడపడం రాదు. మొగుడు శేషగిరి ఆఫీసుకి పోతే అపార్ట్‌మెంట్ పక్కనున్న సూపర్‌మార్కెట్టే ఆవిడకి సినిమా హాలూ, లైబ్రరీ కూడానూ. ఇంగ్లిష్ అక్కడే వచ్చింది. "సోడియం బైకార్బొనేట్" ముందు వచ్చింది, "హౌ ఆర్ యూ" అంటే ఏమనాలో తర్వాత వచ్చింది. ఆ రోజుల్లోనే పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళ పెద్దావిడ ఏదో పుట్టినరోజు పార్టీలో తెల్లగా, మెత్తగా, దూదిలా ఉన్న మిఠాయి తిన్నది. బాగుందని నాలుగు తిన్నది. అందులో జంతువుల ఎముకల్లోంచీ చర్మంలోంచీ తీసిన జిగురు ఉంటుందని ఎవడో పిల్లాడు చెప్పేశాడు. ఆవిడ బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చింది. బయట కొందరు ముసిముసిగా నవ్వుకున్నారు కూడా. చాముండేశ్వరికి నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. తనకా మిఠాయి బెల్లం ముక్కతో సమానం, నిజమే. కానీ ఆ పెద్దావిడ నోట్లోకి పోయేది ఆ పెద్దావిడ లెక్క ప్రకారం ఉండాలి గానీ తన లెక్క ప్రకారం కాదు కదా! ఆ మర్నాటి నుంచీ డబ్బాలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది.

"ఎవరి కంచం వాళ్ళది" అనేది ఆవిడ మాట. ఇంటికొచ్చిన వాళ్ళు పంది తిన్నా, పుట్టగొడుగులు తిన్నా, ఉల్లిపాయ కూడా తినని జైనులైనా, ఆవిడకి ఒక్కటే. ఎవరి తప్పొప్పులు వాళ్ళవి, మధ్యలో మనం తీర్పరులం కాదు, వడ్డించేవాళ్ళం అంటుంది.

రామమోహన్ గారు ఇండియన్ స్టోర్‌లో పరిచయమయ్యారు. బిస్కెట్ల వరస దగ్గర భూతద్దం పెట్టుకుని ఒక పాకెట్టుతో పోట్లాడుతున్నారు. నరసరావుపేటలో లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. భార్య పోయాక కూతురు భవిత ప్లేనో తెచ్చేసుకుంది. ఉల్లి తింటారు, వెల్లుల్లి తింటారు గానీ మాంసం, గుడ్డు వాసన తగిలితే ఆ పూటకి భోజనం లేనట్టే.

"అమ్మాయ్, నాకు ఆల్జీబ్రా వచ్చు గానీ ఇది అంతుపట్టడం లేదు. ఇదేమిటో చెప్పగలవా?" అన్నారు పాకెట్టు వెనక రాసున్న ఒక పేరు చూపించి.

"అది మొక్కల్లోంచి తీసిందైనా కావచ్చు, జంతువుల్లోంచి తీసిందైనా కావచ్చు మాస్టారూ. వాళ్ళు చెప్పరు."

మాస్టారు పాకెట్టు ఠక్కున అరలో పెట్టేశారు. "కావచ్చు" అనే మాటతో ఆయనకి ఎప్పుడూ పడదు.

భవితా, ఆమె మొగుడూ పొద్దున పోతే సాయంత్రానికి గానీ ఇంటికి రారు. మాస్టారు ఫ్రిజ్‌లో ఉన్నది వేడి చేసుకుని, రెండు ముద్దలు తిని, మూత పెట్టేస్తారు. వచ్చినప్పటికీ ఇప్పటికీ ఆయన చొక్కాలు రెండు సైజులు వదులయ్యాయి. చాముండేశ్వరికి బుధవారం సెలవు. ఆ రోజు మాస్టారుని కార్లో ఎక్కించుకుని బయటికి భోజనానికి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. ఎక్కడికి? టైర్ల షాపు పక్కన ఎల్వీరా అనే మెక్సికో ఆవిడ నడిపే చిన్న హోటలుకి. మన హోటళ్ళకి ఎందుకు కాదంటే, అక్కడ ఒకే గరిటె అన్నింట్లోకీ తిరుగుతుందని మాస్టారికి అనుమానం. ఎల్వీరా దగ్గర అయితే చాముండేశ్వరి ముందే వెళ్ళి పోలీసులా విచారణ చేసింది. చిక్కుడు గింజల్లో పంది కొవ్వు వేస్తావా? మానేసి నూనె వెయ్యి. రొట్టెల్లో? వెయ్యవా, మంచిది. గరిటెలు వేరుగా ఉంచుతావా? అన్నంలో చికెన్ ముక్కలు పడతాయా? పడవంటే పడవని ఎల్వీరా గుండెల మీద చెయ్యేసుకుని చెప్పింది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఆ ఎర్రన్నం మొదటిసారి తిన్న రోజు మాస్టారి మొహం చూడాలి! టమాటా రంగులో, జీలకర్ర వాసనతో, పొడిపొడిగా. "ఏమిటమ్మా ఇది, మన పులిహోరకి దూరపు చుట్టంలా ఉంది" అన్నారు. ఇంకో పళ్ళెం తెప్పించుకున్నారు. వారం వారం అదే వరస. "నాన్న బుధవారానికి మంగళవారమే షర్టు ఐరన్ చేసి పెట్టుకుంటున్నారక్కా" అని భవిత ఫోన్ చేసి నవ్వింది. ఆయన బుగ్గలు కాస్త నిండాయి.

తింటూ వాళ్ళిద్దరూ వాదించుకునేవాళ్ళు. అదో సరదా. "తప్పంటే తప్పే అమ్మాయ్. నరసరావుపేటలో రెండూ రెండూ నాలుగైతే టెక్సాస్‌లో అయిదవుతుందా?" అని మాస్టారు. "అంకెల సంగతి వేరండీ. మీకు కోడి తప్పు, నాకు కాదు. ఎవరి కంచం వాళ్ళది" అని ఆవిడ. "నీకూ తప్పే. నువ్వు మంచిదానివి కాబట్టి నోరెత్తడం లేదు" అని మళ్ళీ మాస్టారు.

"పోనీ తెలియక చేస్తేనో?" అని ఒకసారి అడిగింది.

"తెలియక లెక్క తప్పు చేస్తే మార్కులేస్తామా ఏమిటి?" అన్నారాయన.

ఇలా ఉండగా ఎల్వీరా కూతురికి పురుడొచ్చింది. శాన్ ఆంటోనియో వెళ్ళాలి, హోటల్ కొన్నాళ్ళు మూసేస్తానంది. అయ్యో, మాస్టారి బుధవారం పోతుందే అని చాముండేశ్వరికి దిగులు పట్టుకుంది. సరే, ఆ అన్నమేదో నేర్చుకుని ఇంట్లోనే వండి పెడదామని శనివారం పొద్దున, హోటలు ఇంకా తెరవకముందే, ఎల్వీరా వంటింట్లోకి వెళ్ళింది. ఎల్వీరా మహా సంబరంగా చూపించింది. బియ్యం నూనెలో దోరగా వేయించింది. టమాటా, ఉల్లి, వెల్లుల్లి రుబ్బి పోసింది. వంటిల్లంతా ఘుమఘుమ. అప్పుడు వెనక పొయ్యి మీదున్న పెద్ద గుండిగ మూత తీసి, గరిటెతో తీసి గడగడా బియ్యంలో పోసేసింది.

"ఆగాగు. అదేంటి?" అంది చాముండేశ్వరి.

"కోళ్ళు ఉడికిన నీళ్ళు" అంది ఎల్వీరా, ఇందులో అడగడానికేముందన్నట్టు.

చాముండేశ్వరి అక్కడున్న స్టూలు మీద కూలబడింది. నూనె అడిగింది, కొవ్వు అడిగింది, గరిటె అడిగింది, ముక్కలు అడిగింది. నీళ్ళ గురించి మాత్రం అడగలేదు. ఎవరడుగుతారండీ? అన్నం నీళ్ళలో ఉడుకుతుంది. పుట్టి బుద్ధెరిగిన తెలుగువాళ్ళెవరికైనా అన్నం ఇంకెందులోనైనా ఉడుకుతుందన్న ఆలోచన వస్తుందా?

"చికెన్ లేదన్నావు కదే నాకు!"

"లేదుగా! ముక్క ఒక్కటి చూపించు" అంది ఎల్వీరా. సగం ఇంగ్లిష్, సగం స్పానిష్, మిగతాదంతా చేతులు. "నువ్వు తెచ్చేది పెద్దాయన్ని. పెద్దాయనకి వట్టి నీళ్ళలో ఉడికిన అన్నం పెడతానా? మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి నన్ను చెప్పుతో కొట్టదూ! వట్టి నీళ్ళ అన్నం జ్వరమొచ్చిన వాళ్ళకి పెడతాం. అక్కర్లేని వాళ్ళకి పెడతాం."

ఈ మనిషికి ఎలా చెప్పడం? చాముండేశ్వరి తల పట్టుకుని ఆలోచించింది. "ఈస్టర్ ముందు శుక్రవారాలు నువ్వు మాంసం ముట్టవు కదా. ఆ రోజు అన్నం ఎందులో వండుకుంటావు?"

"నీళ్ళలో. ఆ రోజు వేరు."

"మా మాస్టారికి జీవితమంతా ఆ శుక్రవారమే."

ఎల్వీరా చేతిలో గరిటె ఆగిపోయింది. "జీవితమంతా?" అంది. నుదుటి మీదా గుండెల మీదా శిలువ గుర్తు వేసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చాముండేశ్వరి చెయ్యి పట్టుకుని, "చెప్పకు అమీగా, నా నేస్తమా. తిన్నవాడికి పాపం లేదు, వండినదానికే పాపం. నేను ఫాదర్ దగ్గరికి వెళ్ళి ఒప్పుకుంటాను. ఆయనకి మాత్రం చెప్పకు, గుండె ఆగిపోతుంది" అంది.

ఇంటికొచ్చేసరికి శేషగిరి సోఫాలో క్రికెట్ చూస్తున్నాడు. కూతురు ఇషా ఆస్టిన్‌లో కాలేజీ నుంచి వీకెండ్‌కి వచ్చి, సీరియల్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చాముండేశ్వరి ఏడుపు మొహంతో జరిగింది చెప్పింది. శేషగిరి టీవీ మ్యూట్ చేశాడు. ఆ ఇంట్లో టీవీ మ్యూట్ అయిందంటే విషయం పెద్దదని అర్థం.

"దీనికింత సీన్ ఎందుకే? ఆయనకి తెలీదు, తెలీకపోతే పాపం లేదు. నోర్మూసుకుని ఊరుకో, ఇష్యూ క్లోజ్" అన్నాడు.

"మా ఎథిక్స్ క్లాస్‌లో లాస్ట్ వీక్ ఇదే చేశాం అమ్మా!" అంది ఇషా ఉత్సాహంగా. "సో, రైట్ అండ్ రాంగ్ అందరికీ సేమ్ ఉండదు. ఒక్కో కల్చర్‌కి ఒక్కోటి. ఎల్వీరా ఆంటీ ఫ్రేమ్‌వర్క్‌లో అది రెస్పెక్ట్. నీ ఫ్రేమ్‌వర్క్‌లో చికెన్ ఓకే. అంటే టెక్నికల్‌గా నువ్వు ఏమీ రాంగ్ చెయ్యలా. చెప్తే ఆయన హర్ట్ అవుతాడు, అంతే. డోంట్ టెల్ హిమ్."

"నా ఫ్రేమూ, ఆవిడ ఫ్రేమూ సరేనే. కడుపెవరిది?" అంది చాముండేశ్వరి.

ఇషా చెంచా నోట్లో పెట్టుకుని ఆలోచించింది. "ఓకే, గుడ్ పాయింట్" అంది. కానీ అభిప్రాయం మార్చుకోలేదు.

ఆఖరికి భవితకి ఫోన్ చేసింది. జరిగింది చెప్పింది. "అక్కా, ప్లీజ్, చెప్పొద్దు. ఈ దేశానికొచ్చాక ఆయన ఇష్టంగా తినేది అదొక్కటే. ఇకనుంచి నీళ్ళలో వండి పెట్టండి, చాలు. అయిపోయినదాన్ని తవ్వొద్దు. మీ కాళ్ళు పట్టుకుంటాను" అంది.

చూశారా విచిత్రం! ఒకరిది చర్చి, ఒకరిది కాలేజీ, ఒకరిది క్రికెట్టు, ఒకరిది కన్నకూతురి ప్రేమ. నలుగురివీ నాలుగు రకాల నీతులు, అయినా నలుగురూ ఒకే మాట మీద నిలబడ్డారు. చెప్పొద్దు! ఒక్క చాముండేశ్వరికే ఆ మాట గొంతు దిగడం లేదు. తనకి కోడి నీళ్ళు తప్పు కాదు. ఆ నీళ్ళతోనే తను చారు పెట్టుకుని లొట్టలేసుకుంటూ తాగుతుంది. ఆ లెక్కన ఇందులో తప్పే లేదు, హాయిగా నిద్రపోవచ్చు. కానీ ఆయన తిన్నది చాముండేశ్వరి లెక్క ప్రకారం కాదు, చాముండేశ్వరి మాట నమ్మి. ఆయన కంచం ఆయనదని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పి, ఇప్పుడు ఆ కంచంలో ఏముందో ఆయనకే చెప్పకపోతే ఆ కంచం ఎవరిదైనట్టు? చెప్తే ఆయన మళ్ళీ తన మొహం చూడకపోవచ్చు. పుట్టింటివాళ్ళు పోయాక తనని "అమ్మాయ్" అని పిలిచే మనిషి ఆయనొక్కరే మరి.

బుధవారం వచ్చింది. మాస్టారు ఐరన్ చేసిన చొక్కా వేసుకుని, గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. కార్లో కూర్చుని సీటుబెల్టు పెట్టుకుని, "ఏం, ఇవాళ నీ చేతి వంటన్నమాట!" అన్నారు. చాముండేశ్వరి కారు స్టార్ట్ చెయ్యలేదు. స్టీరింగు పట్టుకుని, రోడ్డు వైపే చూస్తూ మొత్తం చెప్పేసింది. ఎక్కడా మెరుగులు దిద్దలేదు.

పక్కింట్లో ఎవరో అబ్బాయి మిషనుతో గడ్డి కోస్తున్నాడు.

"మొదటి రోజు నుంచీనా?"

"మొదటి రోజు నుంచే అండీ."

"అన్నీ అడిగానన్నావు."

"అన్నీ అడిగాను మాస్టారూ. నీళ్ళ గురించి అడగలేదు. ఆవిడ మిమ్మల్ని మోసం చెయ్యలేదండీ. పెద్దవాళ్ళకి వట్టి నీళ్ళలో వండి పెట్టడం వాళ్ళలో అవమానమట. మర్యాద చేస్తున్నాననుకుంది."

ఆయన సీటుబెల్టు తీసుకోవడానికి తంటాలు పడ్డారు. ఆవిడ సాయం చెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టారు. దిగి, తలుపు మెల్లగా వేసి, "ఇంక నువ్వు రానక్కర్లేదమ్మా" అన్నారు. ఎప్పుడూ "అమ్మాయ్" అనే మనిషి. ఆవిడ కార్లోనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. గడ్డి కోసే అబ్బాయి మిషను ఆపి, "ఆర్ యూ ఓకే మేడమ్?" అని కూడా అడిగాడు.

రెండు రోజులకి భవిత ఫోన్. మాస్టారు పాలూ నీళ్ళూ తప్ప ముట్టడం లేదట. గుళ్ళో పంతులు గారికి ఫోన్ చేస్తే, తెలియక జరిగిందానికి కాస్త గాయత్రి చేసుకోండి, చాలన్నారట. ఇంత చవగ్గా వదిలేస్తే ఎలాగని ఈయన పంతులు గారితోనే తగువు పెట్టుకున్నారట. "చెప్పొద్దని బతిమాలుకున్నాను కదక్కా! మీ మనశ్శాంతి కోసం మా నాన్నని పస్తు పెట్టారు" అంది భవిత. ఫోన్ పెట్టేసింది. నిజంగానే తన మనశ్శాంతి కోసమే చెప్పిందా? ఆ శాంతి ఏమైనా దొరికితే కదా తెలియడానికి!

ఆ వారం ఎవరో అమ్మాయి కొట్లోంచి వీడియో కాల్ చేసి కేకు డబ్బా చూపించింది. అక్షరాలు కనిపిస్తున్నాయి. అన్నీ తెలిసిన మాటలే. "తినొచ్చు" అన్న మాట మాత్రం నోట్లోంచి ఊడిపడదే! "నన్నడక్కు తల్లీ, నాకు తెలీదు" అని పెట్టేసింది. శేషగిరికి భయమేసింది. పెళ్ళైన దగ్గర్నుంచీ తన పెళ్ళాం నోట "తెలీదు" అనే మాట వినలేదతను. ఆదివారం తనే వెళ్ళి కోడి తెచ్చాడు. ఆవిడ వండింది గానీ సరిగ్గా తినలేదు.

ఒక శనివారం మిట్టమధ్యాహ్నం కాలింగ్ బెల్లు మోగింది. తీస్తే మాస్టారు! ఆ ఎండలో నడిచొచ్చారు. టెక్సాస్‌లో మనిషి రోడ్డు పక్కన నడుస్తున్నాడంటే కారన్నా చెడిపోయుండాలి, మతన్నా చెడిపోయుండాలి. దారిలో ఇద్దరు కార్లాపి, తప్పిపోయారా తాతగారూ అని అడిగారట. చొక్కా తడిసి ముద్దయింది. మంచినీళ్ళు గటగటా తాగి, "ఆ వంటావిడ ఊర్నుంచి వచ్చిందా?" అన్నారు.

"వచ్చిందండీ."

"అయితే పద."

కార్లో ఆయనే మొదలుపెట్టారు. "మా అమ్మ చుట్టాలొస్తే మజ్జిగలో నీళ్ళు ఎక్కువ పొయ్యనిచ్చేది కాదు. అదే కదా ఈవిడ చేసిందీ! సూత్రం ఒకటే, అంకెలు వేరు."

"అయితే తప్పు కాదంటారా?" అంది ఆవిడ ఆశగా.

"ఎందుక్కాదూ, తప్పే! నా కడుపులోకి పోయింది తప్పే. ఆవిడ పెట్టింది తప్పు కాదు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో నాకు తేలడం లేదు. అందుకే తిక్క రేగిపోతోంది" అన్నారు. కాసేపాగి, "నువ్వు చెప్పకుండా ఉంటే హాయిగా తిని హాయిగా పోయేవాణ్ణి" అన్నారు.

"చెప్పకుండా ఉండాల్సిందా మాస్టారూ?"

"అలా ఉండుంటే, అది నాకెప్పుడో తెలిస్తే, నీ గుమ్మం తొక్కేవాణ్ణి కాదు. ఇప్పుడు చూడు, నడిచొచ్చాను" అన్నారు విసుగ్గా. "రోడ్డు చూసి నడుపు అమ్మాయ్, ఎర్ర లైటు."

ఆవిడ కళ్ళు తుడుచుకుని బ్రేకు వేసింది.

ఎల్వీరా వాళ్ళని చూడగానే తడి చేతులు తుడుచుకోకుండానే పరిగెత్తుకొచ్చింది. మాస్టారు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. ఆమె కంగారుపడి తనూ పెట్టింది. మాస్టారి ఇంగ్లిష్ ఎల్వీరాకి అర్థం కాదు, ఎల్వీరా ఇంగ్లిష్ మాస్టారికి అర్థం కాదు, అందుకని ఎల్వీరా చాముండేశ్వరిని వంటింట్లోకి లాక్కెళ్ళింది. మాస్టారి కోసం అప్పటికే కొత్త గిన్నె కొని పెట్టింది. ఎదురుగానే పంపు తిప్పి, నీళ్ళు పట్టి, "చూడు, నీళ్ళే, చూడు" అని గిన్నె మొహం మీదికి తెచ్చి చూపించింది. చాముండేశ్వరి గట్టిగా తల ఊపింది. అన్నం ఉడికిందాకా ఇద్దరూ ఆ పొయ్యి పక్కనే కాపలా నిలబడ్డారు.

పళ్ళెం వచ్చింది. రంగు అదే ఎరుపు. మాస్టారు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ఇంకా నమిలారు. ఎల్వీరా బల్ల పక్కన నిలబడి, యాప్రాన్ కొస నలుపుకుంటూ ఆయన నోటి వైపే చూస్తోంది.

"అమ్మాయ్" అన్నారు మాస్టారు తెలుగులో, మొహం కదలనీయకుండా. "చప్పగా ఉంది."

"అయ్యో!"

"పథ్యం కూడే నయం. అదివరకటి రుచిలో పావు వంతు కూడా లేదు. పాపం సంగతంటావా, జపం చేసుకుని నేనేదో తంటాలు పడతాను. ఈ నాలుకతోనే వచ్చింది చావు. దానికిప్పుడు తెలిసిపోయింది, తనకేం కావాలో." ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. కోపమో, నవ్వో, సిగ్గో చాముండేశ్వరికి తెలియలేదు. చటుక్కున ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది.

"ఏమంటున్నారు? ఎలా ఉందట?" అంది ఎల్వీరా, ఆగలేక.

మాస్టారు తలెత్తి ఆమె మొహం చూశారు. ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నారు. "బ్రహ్మాండంగా ఉందని చెప్పు" అన్నారు.

"మాస్టారూ, మీరేనా ఈ మాటంటున్నది!"

"చెప్పమ్మా. పాపం, చూడెలా నిలబడిందో."

చాముండేశ్వరి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "చాలా బాగుందంటున్నారు. ఇంత మంచి అన్నం ఈ దేశంలో ఎక్కడా తినలేదట" అని ఇంగ్లిష్‌లో చెప్పేసింది. రెండో మాట తనే కలిపింది.

ఎల్వీరా వంగి ఆవిడ చెవిలో, "అబద్ధం. నేను లోపల రుచి చూశాను. ఆసుపత్రి తిండిలా ఉంది" అని గుసగుసలాడింది. మాస్టారి వైపు చూసి నవ్వుతూ, "నేను చాలా సంతోషించానని మాత్రం చెప్పు ఆయనకి" అంది.

"చాలా సంతోషించిందట మాస్టారూ."

"ఆఁ, సంతోషించదూ మరి!" అన్నారు మాస్టారు. పళ్ళెంలో ఉన్నది పూర్తిగా ఊడ్చేసి, గ్లాసెడు నీళ్ళు తాగి, పళ్ళెం కాస్త ముందుకి జరిపారు. "అయితే ఇంకొంచెం వడ్డించమను. లేకపోతే అనుమానపడుతుంది" అన్నారు.

చాముండేశ్వరి తనే లేచి, ఆ పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.